స్పార్క్ ప్లగ్గులు మార్చు విధానం

ఎక్కడో ఒక పెద్దమనిషి తన కారు బానెట్ తానే ఎత్తి, తానే దించుకుంటూ బొటనవేలు నలగ్గొట్టుకున్నాడు. మామూలు మనిషైతే వేలు నోట్లో పెట్టుకుని ఇంట్లోకి పోయేవాడు. ఆయన సంతకాలు చేసే హోదాలో ఉన్నాడు. నలిగింది కూడా సంతకం పెట్టే చేతి వేలే. అందువల్ల పదిహేను రోజులపాటు ఆయన బల్ల మీద ఏ కాగితమూ కదల్లేదు. పదహారో రోజు కట్టు విప్పాక ఆయన పెట్టిన తొలి సంతకం ‘పౌరుల అంగుళీ భద్రతా నియమావళి’ మీద. ఇక నుంచి సొంత వాహనాన్ని సొంతంగా బాగుచేసుకోదలచిన వారెవరైనా ముందస్తు అనుమతి తీసుకోవాలి. అద్దాలు తుడుచుకోవడానికీ, టైర్లలో గాలి కొట్టుకోవడానికీ మాత్రం తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చారు.

ఆ అనుమతులు ఇవ్వడం కోసం పాలంకిపేటలో, మూతపడిన బియ్యం మిల్లులో, ఒక కార్యాలయం తెరిచారు. అందులో ఒక అధికారి, ఒక బంట్రోతు, నాలుగు సీట్లు.

ఇందుమతి ఈ సంగతి పేపర్లో చదివి మర్చిపోయింది. ఆమె ఆ ఊరి హైస్కూల్లో భౌతికశాస్త్రం టీచరు. చదివింది మర్చిపోవడం ఆ ఏడాదే ఆమెకు అలవాటైంది. భర్త చక్రధరం పోయి ఎనిమిది నెలలైంది.

ఇంట్లో ఇప్పుడు ఇద్దరే: ఆమె, అత్తగారు మాణిక్యాంబ. మాణిక్యాంబకు మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. ప్రతి మంగళవారం, శుక్రవారం పొద్దున్న ఏడున్నరకల్లా ముప్ఫై ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్నం ఆసుపత్రికి చేరి డయాలసిస్ మిషను మీద పడుకోవాలి. ఎంత ఆలస్యమైతే మిషను మీద అంతసేపు తగ్గుతుంది, ఆ మేరకు నీరు ఒంట్లో మిగిలిపోతుంది. చక్రధరం తీసుకెళ్ళినన్నాళ్ళూ ఒక్కరోజు ఆలస్యం కాలేదు. ఇప్పుడు ఇందుమతి తీసుకెళుతోంది, ఆ కారులోనే.

దసరా సెలవులకు ముందు కారు వణకడం మొదలుపెట్టింది. నాలుగు సిలిండర్లలో ఒకటి మండడం లేదని ఇందుమతికి చప్పుడులోనే తెలిసింది. ప్లగ్గు పోయి ఉండాలి, లేదా దాని మీద కూర్చుని నిప్పురవ్వ అందించే కాయిల్ పోయి ఉండాలి. చక్రధరం రెండేళ్ళకోసారి ప్లగ్గులు తనే మార్చేవారు. ఆయన ‘కాస్త ఎడమకి’ అంటుంటే ఆమె టార్చి పట్టుకునేది. పన్నెండేళ్ళు టార్చి పట్టుకున్న మనిషికి ఆ పని రాకుండా పోదు. కొత్త ప్లగ్గులు నాలుగూ, ఒక కాయిలూ ఆయనే కొని తెచ్చి బీరువా మీద పెట్టారు, ఆదివారం మారుద్దామని. ఆ ఆదివారం ఇంటినిండా జనం.

రూలంటూ ఒకటుంది కదా, ఒక కాగితం పెడదాం అనుకుంది ఇందుమతి. అదే ఆమె చేసిన పొరపాటు.

కార్యాలయంలో ఒకటో సీటు, దరఖాస్తుదారు దరఖాస్తుదారేనా అని చూస్తుంది. రెండోది, వాహనం వాహనమేనా అని చూస్తుంది. ఈ రెండూ ఆమె ఫైలు పావుగంటలో దాటింది. మూడో సీటు మరమ్మతుకు ఆవశ్యకత ఉందా అని చూస్తుంది. నాలుగోది ముద్ర వేస్తుంది. మూడో సీట్లో గవర్రాజు అనే యాభై ఏళ్ళ కళ్ళజోడు మనిషి, మర్యాదస్తుడు, లేచి నుంచుని కుర్చీ చూపించాడు.

“ఆయ్, కూర్చోండి మేడమ్. ప్లగ్గు పోయిందని రాశారు. పోయినట్టు రుజువేదండీ?”

“బండి వణుకుతోందండి.”

“వణుకు లక్షణమండి. నేనడిగేది రుజువు. ఆ ప్లగ్గేదో తెచ్చి ఈ టేబులు మీద పెట్టారనుకోండి, నల్లబడిందో లేదో చూసి రాసేసుకుంటాను.”

“తేవాలంటే విప్పాలి కదండీ?”

“విప్పాలండి.”

“విప్పడానికేగా అనుమతి అడుగుతున్నాను?”

“ఆయ్!” అన్నాడు గవర్రాజు, ఇద్దరూ ఒక అభిప్రాయానికి వచ్చినందుకు సంతోషిస్తూ. “అందుకేనండీ ఫైలు ఇక్కడ కాస్త ఆగుద్ది.”

“కాస్తంటే ఎన్నాళ్ళండీ?”

గవర్రాజు అబద్ధం ఆడే మనిషి కాదు. “ఈ సీటు దాటిన ఫైలుని నేనింకా చూళ్ళేదండి. నేనొచ్చి ఏడు నెలలేగా అయింది.”

మర్నాడు ఇద్దరు మనుషులొచ్చి కారు బానెట్‌కు తాడు కట్టి లక్క ముద్ర వేసి వెళ్ళారు. దరఖాస్తు పరిశీలనలో ఉన్నంతకాలం ఆ వాహనాన్ని యజమాని గానీ, మెకానిక్కు గానీ, ఇతరులు గానీ బాగుచేయరాదు. ఇందుమతి కారును బస్టాండు దగ్గరున్న మస్తాన్ షెడ్డుకు తీసుకెళ్ళింది. మస్తాన్ ముద్ర చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

“అమ్మో, లక్కే! టీచరుగారూ, ఏమీ అనుకోకండి. ఈ బండికి హారను కొట్టమన్నా కొట్టను.”

దరఖాస్తు వెనక్కి తీసుకుంటానని ఆమె మళ్ళీ కార్యాలయానికి వెళ్ళింది. వెనక్కి తీసుకోవడానికి ఆవశ్యకత ఉందా లేదా అన్నది మూడో సీటు తేల్చాలన్నారు.

ఆ శుక్రవారం కారు కాలవ వంతెన మీద ఆగిపోయింది. మళ్ళీ కదిలి ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిదైంది. మాణిక్యాంబకు మిషను మీద నాలుగు గంటలు ఉండాల్సింది, రెండున్నరే దొరికింది. ఆదివారానికి పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టలేదు.

“ఎముకలన్నీ విడదీసి గోనెసంచీలో వేసి ఊపినట్టుంటోందే ఆ కార్లో,” అంది మాణిక్యాంబ. “మంగళవారం బస్సుకి పోదాం.”

బస్సులో నిలబడి వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో ఒకాయన లేచి సీటిచ్చాడు. మాణిక్యాంబ కూర్చుని కిటికీలోంచి చూస్తూ, “ఏవిటే నీ ఆఫీసు గోల? వాళ్ళకి అడ్డంగా ఉన్నది ప్లగ్గా, కాగితమా?” అంది.

“కాగితమే అత్తయ్యా.”

“కాగితమైతే చింపెయ్యలేవూ?”

‘వాడుంటే’, ‘ఆయనుంటే’ అన్న మాటలు ఆ ఇంట్లో ఇద్దరూ వాడడం మానేశారు. అప్పుడూ వాడలేదు.

బుధవారం ఇందుమతి అధికారి గారినే కలిసింది. ఆయన పేరు కోదండపాణి. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన ఏ నిర్ణయమూ తీసుకోలేదు. అందుచేత ఆయన మీద ఏ ఆరోపణా లేదు.

“అమ్మా, ఈ కార్యాలయం వ్యక్తులను వీక్షించదు, విధానాన్ని వీక్షిస్తుంది,” అన్నాడాయన. “తమరు తలపెట్టిన ప్రక్రియ యొక్క సమగ్ర స్వరూపం ఇంతవరకు మా దృష్టిపథానికి రాలేదు. సులభశైలిలో, క్రమసంఖ్యలతో, రెండు ప్రతులలో సమర్పించండి.”

“సమర్పిస్తే అనుమతి వస్తుందాండీ?”

“సమర్పిస్తే సమర్పించినట్టవుతుంది.”

ఆ సాయంత్రం ఇందుమతి పదో తరగతి ప్రయోగాల నోటు పుస్తకంలో రాయించే పద్ధతిలోనే రాసింది. మొదటి పేజీ మీద ‘కారు ఇంజనులో స్పార్క్ ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిళ్ళు మార్చు విధానం’ అని శీర్షిక పెట్టి, ఉద్దేశం, కావలసిన పనిముట్లు వివరించింది. రెండో పేజీలో అసలు పద్ధతి రాసింది:

“ఒకటి: వేడి చల్లారేవరకు, కనీసం ఒక గంట, ఏ పనీ చేయరాదు. రెండు: బ్యాటరీ నెగటివ్ తీగ తప్పించాలి. మూడు: దేన్నైనా కదిలించే ముందు చుట్టూ ఉన్న దుమ్మును సైకిలు పంపుతో ఊదాలి. నాలుగు: దోషం ఎక్కడుందో తెలియనప్పుడు మూడోదాన్ని ఒకటో చోట, ఒకటోదాన్ని మూడో చోట పెట్టి చూడాలి. దోషం దానితోపాటు కదిలితే దోషం దానిది. కదలకపోతే ఆ చోటుది. ఐదు: దోషమున్న దాన్ని తీసివేసి కొత్తది పెట్టాలి. జాగ్రత్త: వేళ్ళతోనే మెల్లగా తిప్పాలి. బలం వాడరాదు.”

ఆ కార్యాలయానికి ఒక ఆచారం ఉంది. వచ్చిన కాగితంలో మొదటి పేజీని ఒకటో సీటు రికార్డు కోసం ఉంచుకుని, తక్కిన పేజీలను పైకి పంపుతుంది. కోదండపాణి గారికి ఒక సూత్రం ఉంది. అంకెలు లేని కాగితం విజ్ఞప్తి, అంకెలున్న కాగితం ఉత్తర్వు. విజ్ఞప్తి అయితే ‘పరిశీలించండి’ అని రాస్తాడు, ఉత్తర్వు అయితే ‘అమలు చేసి నివేదించండి’ అని రాస్తాడు. ఈ తేడా తెలుసుకోలేక ఇబ్బందుల్లో పడ్డ సహోద్యోగులను ఆయన చాలామందిని చూశాడు.

ఇందుమతి మళ్ళీ వెళ్ళేసరికి కార్యాలయం చీకటిగా ఉంది. ఫ్యాన్లు తిరగడం లేదు. నాలుగు సీట్లలోనూ ఉద్యోగులు చేతులు కట్టుకుని కూర్చున్నారు. గుమ్మంలో బంట్రోతు పెదవుల మీద వేలు పెట్టాడు.

“నెమ్మదండీ. చల్లారుతున్నారు.”

“ఎవరు?”

“అందరూనండి. గంట చల్లారాలంట. కరెంటు ఎలాగూ లేదు, పొద్దున్నే ఇన్వర్టరు బ్యాటరీ తీగ కూడా పీకేశారు.”

గంట పూర్తయ్యాక బంట్రోతు సైకిలు పంపు తెచ్చి సీట్ల చుట్టూ ఊదడం మొదలుపెట్టాడు. మిల్లు కాలంనాటి తవుడు అటకల మీంచి, ఫైళ్ళ మీంచి లేచి గదంతా కమ్ముకుంది. దగ్గుల మధ్య ఇందుమతి కోదండపాణి గారి గదిలోకి వెళ్ళింది.

“సార్, చిన్న పొరపాటు జరిగింది. అది నేను కారు గురించి రాసిన కాగితం.”

కోదండపాణి ఆమె వైపు జాలిగా చూశాడు. “ఉత్తర్వు దేని గురించి అన్నది మనం ప్రశ్నించకూడదమ్మా. ప్రశ్నించినవాళ్ళు ప్రస్తుతం ఎక్కడెక్కడ పనిచేస్తున్నారో నాకు తెలుసు.”

“నా అనుమతి సంగతి...”

“నాలుగో అంశం అమలులో ఉంది. అనంతరం రండి.”

నాలుగో అంశం ప్రకారం మూడో సీటు గవర్రాజును ఒకటో సీట్లో, ఒకటో సీటు పద్మజను మూడో సీట్లో కూర్చోబెట్టారు. ఏడు నెలలుగా ఒక్క ఫైలూ వదలని గవర్రాజు, ఒకటో సీట్లో కూర్చున్న గంటలో నలభై ఫైళ్ళు పంపించి, ఇంకా ఉన్నాయా అని అడిగాడు. ఎప్పుడూ ఎవర్నీ నిలబెట్టని పద్మజ మూడో సీట్లో కూర్చుంది. చీర కొంగు సర్దుకుంది. మొదటి ఫైలు తెరిచి, ఎవరూ చెప్పకుండానే, “రుజువేదండీ?” అంది.

రెండో సీటు మనిషినీ పెట్టి చూశారు. చివరికి బంట్రోతును కూర్చోబెట్టి చూశారు. కూర్చునేవరకు నవ్వుతూనే ఉన్న మనిషి, కూర్చున్నాక కళ్ళజోడు కోసం తడుముకున్నాడు. అతనికి కళ్ళజోడు లేదు.

దోషం మనుషులతో కదలడం లేదు కనుక చోటుదేనని కోదండపాణి నివేదిక రాశాడు. ఐదో అంశంలో దోషమున్న దాన్ని తీసివేసి కొత్తది పెట్టాలని ఉంది. కొత్త సీటు పెట్టడానికి మంజూరు కావాలి. తీసివేయడానికి అక్కర్లేదు. అంచేత అమలు చేయదగినంత మేరకు అమలు చేశారు. మూడో సీటు తాలూకు టేకు బల్లను వరండాలోకి చేర్చారు. బలం వాడరాదని ఉండడం వల్ల నలుగురూ వేళ్ళతోనే నెట్టారు. సాయంత్రం దాకా పట్టింది.

తర్వాత జరిగినదానికి ఎవరూ సిద్ధంగా లేరు. ఫైళ్ళు రెండో సీటు నుంచి తిన్నగా నాలుగో సీటుకు వెళ్ళడం మొదలుపెట్టాయి. మూడు రోజుల్లో నాలుగు వందల పన్నెండు అనుమతులు వెలువడ్డాయి. పాలంకిపేటలో ఏ వీధి చూసినా బానెట్లు తెరుచుకుని ఉన్నాయి. ఎవరి వేలూ నలగలేదు.

తర్వాతి గురువారం ఇందుమతి బడి నుంచి వచ్చేసరికి ఆమె అనుమతి గుమ్మంలో ఉంది. లక్క ముద్ర తీయడానికి వచ్చిన మనిషి సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. ఇంకా ఎండ ఉంది గాని ఇంటి పక్క కారు షెడ్డులో ప్లగ్గుల గుంతల్లోకి వెలుతురు పడడం లేదు.

“టార్చి నేను పడతాను,” అంది మాణిక్యాంబ, ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుని. డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తో టార్చి ఎత్తింది.

ఇందుమతి బ్యాటరీ తీగ తప్పించింది. కాయిళ్ళను పట్టి ఉంచే బోల్టులు నాలుగూ విప్పి వరసగా గుడ్డ మీద పెట్టింది. ఒక్కో కాయిల్నీ కాస్త మెలితిప్పి పైకి లాగింది. మూడోది పగిలి ఉంది. గొట్టం పానాతో ప్లగ్గులు తీసింది. మూడోది తడిగా, బొగ్గులా ఉంది.

“ఇదేనా ఆ రుజువు?” అంది మాణిక్యాంబ. “ఇంతున్న దానికా నన్ను బస్సులో నిలబెట్టారు!”

కొత్త ప్లగ్గును లోపలికి దించి వేళ్ళతో తిప్పుతుంటే మర పట్టలేదు. ఇందుమతి వంగి చూసింది.

“కాస్త ఎడమకి, అత్తయ్యా.”

అన్నాక ఆమె చెయ్యి ఆగింది. మాణిక్యాంబ టార్చి కాస్త ఎడమకి జరిపింది. మర పట్టింది.

నాలుగూ బిగించి, పగిలిన కాయిల్ చోట కొత్తది పెట్టి, బ్యాటరీ తీగ మళ్ళీ తగిలించి, తాళం తిప్పేసరికి నలభై నిమిషాలైంది. ఇంజను వణక్కుండా అందుకుంది. ఇద్దరూ కాసేపు ఆ చప్పుడు వింటూ నిలబడ్డారు. “పెట్రోలు దండగ, ఇక ఆపు,” అని మాణిక్యాంబ లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారానికి సంగతి పై కార్యాలయానికి తెలిసింది. ఎక్కడా ప్రమాదం జరగకపోవడం ఒక ఎత్తు, ఫైళ్ళు కదలడం ఒక ఎత్తు. ఈ రెండూ ఒకే వారంలో సంభవించడాన్ని వారు తీవ్రంగా పరిగణించారు. మూడో సీటును తక్షణం పునఃప్రతిష్ఠించాలనీ, అది లేని కాలంలో ఇచ్చిన అనుమతులన్నీ చెల్లవనీ ఉత్తర్వు వచ్చింది. చెల్లని అనుమతి మీద బిగించిన విడిభాగాలను యజమానులు విప్పి, పాతవి యథాస్థానంలో పెట్టాలి. అయితే విప్పడమూ స్వీయ మరమ్మతు కిందికే వస్తుంది గనుక, అందుకు ముందస్తు అనుమతి పొందాలి.

బుధవారం ఇందుమతికి ఆ ఉత్తర్వుతోపాటు ఒక మెమో కూడా వచ్చింది. ప్రభుత్వ కార్యాలయాన్ని ముందస్తు అనుమతి లేకుండా స్వయంగా మరమ్మతు చేసినందుకు ఆమెపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలపాలని అందులో ఉంది.

మాణిక్యాంబ ఆ కాగితాలు రెండూ చదివించుకుని వింది. కూరగాయల కత్తి పక్కన పెట్టింది.

“మళ్ళీ ఆ పగిలిందే పెట్టాలా?”

“పెట్టాలంటున్నారు.”

“శుక్రవారం ఎలా మరి?”

ఇందుమతి కలం తీసుకుని మెమోకు సమాధానం రాసింది: ‘సదరు కార్యాలయం పూర్వస్థితికి వచ్చినది కనుక, దానికి మరమ్మతు ఏదియు జరగలేదని మనవి.’ తర్వాత ఇంకో కాగితం తీసి, కొత్త ప్లగ్గులు విప్పడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు రాసింది. ఎక్కడా అంకెలు వేయలేదు.

మూడో సీట్లో గవర్రాజు తిరిగి కూర్చున్నాడు. బల్ల మళ్ళీ పాతచోటే ఉంది. వచ్చేటప్పుడు బలం వాడినట్టున్నారు, ఒక కాలు విరిగింది. దానికింద ఇటుక పెట్టారు. అతను దరఖాస్తు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“కొత్తవి విప్పేసి పాతవి పెడతానంటున్నారు. ఆవశ్యకత ఏవిటండీ?”

ఇందుమతి కొంచెం ఆలోచించింది. పాతికేళ్ళుగా పిల్లలకు చెబుతున్నదే చేసింది. నిజం చెప్పింది.

“ఏమీ లేదండి.”

“ఏమీ లేదా?”

“బండి చక్కగా నడుస్తోందండి.”

గవర్రాజు కలం తీసి, ‘ఆవశ్యకత నిరూపించబడలేదు’ అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఫైలుకు తాడు కట్టాడు. రెండు ముళ్ళు వేశాడు.

“ఇది కాస్త ఆగుద్దండి, మేడమ్.”

“ఎన్నాళ్ళండీ?”

“రూలు ప్రకారం, ఆవశ్యకత కనబడేదాకానండి.” అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఈసారి లక్క ముద్ర బానెట్ మీద కాదండి. ఫైలు మీదే వేయిస్తాను. పరిశీలనలో ఉన్న బండిలో కొత్త సామాను ఎవరూ ముట్టుకోకూడదు కదండీ, మీతో సహా.”

ఇందుమతి నమస్కారం పెట్టి లేచింది.

శుక్రవారం ఆరున్నరకు బయల్దేరారు. కాలవ వంతెన దాటేటప్పుడు ఇందుమతి పక్కకు తిరిగి చూసింది. మాణిక్యాంబ తల కిటికీకి ఆనించి నిద్రపోతోంది. కొడుకు పోయాక ఆవిడ ఆ కార్లో కునుకు తీయడం అదే మొదటిసారి. ఇందుమతి హారను మోగించకుండా లారీ వెనకే నెమ్మదిగా వెళ్ళింది. ఆసుపత్రికి చేరేసరికి ఏడూ ఇరవై. ఇంజను ఆపకుండా, ఆవిడంతట ఆవిడే లేచేవరకు, ఐదు నిమిషాలు అలాగే కూర్చుంది.